ఏఎఫ్‌పీ యాంటీబాడీ: కణాలు లేని మీడియంలోనూ బ్యాండ్ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆల్ఫా ఫీటోప్రోటీన్‌కి (ఏఎఫ్‌పీ) వెస్టర్న్ బ్లాట్ చేస్తున్నాను, అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించడం. కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీ (ఒకే ప్రోటీన్‌లో పలు చోట్లను పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం). హెప్‌జీ2 (మనిషి లివర్ క్యాన్సర్ కణాలు) లైసేట్‌లో, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో, 70 కిలోడాల్టన్ల దగ్గర సన్నటి బ్యాండ్, అదే కణాలు పెరిగిన మీడియంలో లావుగా, పులిమినట్టు వస్తోంది. ఇంతవరకు సరే. కానీ కణాలు వేయని ఉత్త మీడియం లోడ్ చేసినా అక్కడే బ్యాండ్! హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు) లైసేట్‌లో కూడా లీలగా కనిపిస్తోంది. యాంటీబాడీ పనికిరానిదేనా? త్వరలో ల్యాబ్ మీటింగ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది. తర్వాత ఇదే యాంటీబాడీతో లివర్ సెక్షన్లకి ఐహెచ్‌సీ (పలుచని కణజాల ముక్కల్లో యాంటీబాడీతో ప్రోటీన్‌కి రంగు వేయడం) కూడా చేయాలి.

జవాబు:
యాంటీబాడీని అప్పుడే తిట్టకండి. మీ మీడియంలో వేసింది ఎఫ్‌బీఎస్ కదా? అంటే దూడ పిండం సీరం. ఏఎఫ్‌పీని తయారుచేసేవేమో పిండం లివర్, యోక్ శాక్. ఇక దూడ పిండం సీరంలో దూడ ఏఎఫ్‌పీ ఉండటంలో వింతేముంది? పాలీక్లోనల్ కాబట్టి మనిషి ఏఎఫ్‌పీతో పాటు దాన్నీ పట్టుకోవచ్చు.

దానికి తోడు ఆల్బుమిన్. రెండూ ఒకే కుటుంబం ప్రోటీన్లు, సైజులోనూ దగ్గర దగ్గరే. 10 శాతం సీరం ఉన్న మీడియంలో ఆల్బుమిన్ మిల్లీలీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది. జెల్ బావిలో 20 మైక్రోలీటర్లు పోస్తే ఒక్క ఆల్బుమినే 40 మైక్రోగ్రాములు! లైసేట్ మొత్తం కలిపి మనం వేసేదే 20, 30. అంత ప్రోటీన్ ఒకేచోట కూర్చుంటే పక్క బ్యాండ్లు వంకర తిరుగుతాయి, పులుముకుంటాయి. జెల్ నుంచి మెంబ్రేన్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాక పోన్సో (ప్రోటీన్లన్నిటికీ పట్టే ఎర్ర రంగు) వేసి చూడండి, కంటికే కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, 10 శాతమే. కణాలను పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) ఒక్కసారి కడిగి లైసిస్ చేశాను. మరి హీలాలో వస్తున్నది కూడా సీరందేనా?

జవాబు:
చాలా వరకు అదే అయ్యుంటుంది. హీలా కణాలకు ఏఎఫ్‌పీతో పని లేదు, అందుకే దాన్ని నెగెటివ్ కంట్రోల్‌గా వాడతాం. చల్లటి పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి, చివరి చుక్క వరకు పీల్చేయండి. ఫ్లాస్కు అంచున మిగిలిన కాస్త మీడియం చాలు, మిమ్మల్ని తప్పుదారి పట్టించడానికి.

ఇంకో పని చేయండి. ఒకే జెల్‌లో పలచన చేసిన ఎఫ్‌బీఎస్ ఒక బావిలో, శుద్ధి చేసిన బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్) ఇంకో బావిలో వేయండి. సీరంలో బ్యాండ్ వచ్చి బీఎస్ఏలో రాకపోతే దూడ ఏఎఫ్‌పీ మీద అనుమానం బలపడుతుంది. బీఎస్ఏలోనూ వస్తే మీ యాంటీబాడీ ఆల్బుమిన్‌ని కూడా పడుతోందన్నమాట. అప్పుడు బ్లాకింగ్‌కి (మెంబ్రేన్ మీద ఖాళీ చోట్లను కప్పడానికి) బీఎస్ఏ వాడితే మెంబ్రేన్ అంతా నల్లబడుతుంది, పాలపొడి మేలు.

మరో సభ్యురాలు:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఏఎఫ్‌పీ కణం బయటికి వెళ్లిపోయే ప్రోటీన్. లైసేట్‌లో సన్నగా రావడం తప్పేమీ కాదు. బయటి ఏఎఫ్‌పీ కావాలంటే కణాలు బాగా పెరిగాక కడిగి, సీరం లేని మీడియంలో 24 గంటలు ఉంచి, ఆ మీడియాన్ని ఫిల్టర్ ట్యూబులో గాఢంగా చేసి లోడ్ చేయండి. లోపలిదే చూడాలంటే బ్రెఫెల్డిన్ ఏ కొన్ని గంటలు పెడితే బయటికి పోకుండా ఆగుతుంది.

యాంటీబాడీ నిజంగా ఏఎఫ్‌పీనే పడుతోందా అని రివ్యూయర్ అడిగితే పెప్టైడ్ బ్లాకింగ్ (యాంటీబాడీని అది పట్టే పెప్టైడ్‌తో ముందే కలిపి ఆపడం) చూపించి ఊరుకోవద్దు. తప్పుడు ప్రోటీన్‌కి అంటుకునే యాంటీబాడీని కూడా ఆ పెప్టైడ్ ఆపేస్తుంది. ఎస్ఐఆర్ఎన్ఏతో (ఎంచుకున్న జన్యువు పనిని అణిచే చిన్న ఆర్ఎన్ఏ) ఏఎఫ్‌పీ తగ్గించి, బ్యాండ్ తగ్గిందని చూపడమే నా దృష్టిలో గట్టి సాక్ష్యం.

కొత్త సభ్యుడు:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. రక్త పరీక్షలో ఏఎఫ్‌పీ ఎక్కువ వస్తే క్యాన్సరేనా?

జవాబు:
అంత మాత్రాన కాదు బాబూ. గర్భిణుల్లో సహజంగానే పెరుగుతుంది, హెపటైటిస్, సిర్రోసిస్‌లలోనూ పెరగొచ్చు. రిపోర్టు డాక్టర్‌కే చూపించండి. ఇక్కడ మాట్లాడేది పరిశోధనకు వాడే యాంటీబాడీ గురించి.

ప్రశ్న అడిగినవారు:
మేడమ్ చెప్పినట్టు సీరం లేని మీడియంతో చేశాను. హెప్‌జీ2లో బ్యాండ్ శుభ్రంగా వచ్చింది, హీలాలో ఏమీ లేదు. ఎఫ్‌బీఎస్ బావిలో వచ్చింది, బీఎస్ఏలో రాలేదు. ఇక ఐహెచ్‌సీ సంగతి చెప్పండి.

మరో సభ్యురాలు:
బావుంది! ఐహెచ్‌సీకి మాత్రం వెస్టర్న్‌లో పనిచేసింది కదా అని ధీమా పడొద్దు. వెస్టర్న్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, ఫార్మలిన్ పెట్టిన కణజాలంలో పరిస్థితి వేరు. డేటాషీట్‌లో పారఫిన్ సెక్షన్లకు పరీక్షించారో లేదో ముందు చూడండి.

లివర్‌తో అసలు చిక్కు బయోటిన్. ఆ కణాల్లోనే అది దండిగా ఉంటుంది. బయోటిన్‌కి గట్టిగా అంటుకునే స్ట్రెప్టావిడిన్ కిట్ వాడితే ప్రైమరీ (ఏఎఫ్‌పీ) యాంటీబాడీ వేయని స్లైడ్ కూడా గోధుమరంగుకి తిరుగుతుంది. బయోటిన్ వాడని పాలిమర్ కిట్ తీసుకోండి. పాజిటివ్ కంట్రోల్‌కి పిండం లివర్ గానీ యోక్ శాక్ ట్యూమర్ గానీ దొరక్కపోతే హెప్‌జీ2 కణాలనే ఫార్మలిన్‌లో ఉంచి, పారఫిన్ బ్లాక్ చేసుకోండి. హీలాతో ఇంకో బ్లాక్. సైటోప్లాజంలో రేణువుల్లా రంగు పడితే నమ్మొచ్చు. రక్తనాళాల్లో సీరం ఉన్నచోట పడిన రంగుని లెక్కలోకి తీసుకోకండి. ఇంకొకటి, హెపటోసెల్యులర్ కార్సినోమాలన్నిటికీ (ఒక రకం లివర్ క్యాన్సర్) ఏఎఫ్‌పీ రంగు పట్టదు. కంట్రోల్ స్లైడ్ బాగా వచ్చి, మీ సెక్షన్‌లో రాకపోతే యాంటీబాడీ డైల్యూషన్ మార్చుకుంటూ కూర్చోవద్దు.