బాత్రూమ్ పగలగొట్టిన వ్యర్థాలు ఫతుల్లగూడ ప్లాంటుకు తీసుకెళ్ళినవారు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు పాత ఇల్లు. అమ్మకు మోకాళ్ళ నొప్పులని పాత బాత్రూమ్ పగలగొట్టించి వెస్టర్న్ కమోడ్ పెట్టించాం. ఇప్పుడు గేటు పక్కన దాదాపు 40 సిమెంటు సంచుల నిండా ఇటుక పెళ్ళలు, టైల్స్ ముక్కలు ఉన్నాయి. విరిగిన పాత కమోడ్, చెదలు పట్టిన తలుపు, కొన్ని పెయింట్ డబ్బాలు, నాలుగు పాత ట్యూబ్‌లైట్లు కూడా ఉన్నాయి. రోజూ వచ్చే చెత్త ఆటోలో ఇవి వేయనివ్వరు.

ఒక ట్రాలీ డ్రైవర్ని అడిగితే రాత్రికి చెరువు గట్టున పోసి వస్తానన్నాడు. వద్దన్నాను. మా చిన్నప్పుడు నీళ్ళతో నిండుగా ఉన్న కుంటలు ఇలాగే పూడిపోయాయి, అందులో నా వంతు మట్టి ఉండకూడదు.

నాగోల్ దగ్గర ఫతుల్లగూడలో, ఇంకా జీడిమెట్లలో నిర్మాణ వ్యర్థాలను పొడి చేసి ఇసుక, కంకర తీసే ప్లాంట్లు ఉన్నాయి కదా. మాకు ఫతుల్లగూడ దగ్గర. టాటా ఏస్ మాట్లాడుకుని మేమే నేరుగా తీసుకెళ్తే లోపలికి రానిస్తారా, లేక ముందే బుక్ చేసుకోవాలా? టన్నుకు ఎంత తీసుకుంటున్నారు? సంచులతోనే దించవచ్చా, విప్పి పోయాలా? కమోడ్ తీసుకుంటారా?

ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటినీ పెయింట్ డబ్బాలనూ విడిగా పెట్టాను. అవి ఎక్కడ ఇవ్వాలో కూడా చెప్పండి. ఈ మధ్య వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే చాలా మేలు. వర్షం పడితే ఇదంతా కాలువలోకి పోతుందని టెన్షన్‌గా ఉంది.