చీలమండ బెణికిందా, ఎముక విరిగిందా?

ప్రశ్న: మెట్టు దిగుతుంటే మా నాన్నగారి పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు బాగా వాచింది. కుంటుతూ నడుస్తున్నారు. ఎక్స్‌రే తీయించాలా? కాపడం పెట్టాలా, ఐసా?

జవాబు 1: వాపును చూసి తేల్చకండి, మామూలు బెణుక్కీ గుడ్డంత వాపు వస్తుంది. వేలితో ఎముకల మీదే నొక్కి చూడండి. చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చిన ఎముకల కొసలు, వాటి వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల దాకా. తర్వాత పాదం బయటి అంచు మధ్యలో తగిలే బుడిపె, లోపలివైపు వంపు పైనున్న ఎముక. వీటిలో ఎక్కడ నొక్కినా నొప్పి పుడితే, లేదా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. నొప్పి బయటి ఎముకకు కాస్త ముందు, కింద మెత్తని చోట మాత్రమే ఉంటే చాలావరకు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) బెణుకే. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల విషయంలో ఈ పరీక్షను నమ్ముకోవద్దు. పాదం వంకరపోయినా, వేళ్లు చల్లబడి మొద్దుబారినా నొక్కి చూడటాలేమీ వద్దు, వెంటనే ఆసుపత్రికే.

జవాబు 2: మొదటి 2-3 రోజులు కాపడం వద్దు, మర్దన అసలే వద్దు. లోపల చిట్లిన సన్నని రక్తనాళాలు వేడికి ఇంకా విచ్చుకుని వాపు పెరుగుతుంది. ఐసు తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు, 2-3 గంటలకోసారి. అది నొప్పి తగ్గించడానికే.

క్రేప్ బ్యాండేజీ వేళ్ల మొదళ్ల నుంచి పైకి చుట్టాలి. ఒక్కో చుట్టూ ముందుదాన్ని సగం కప్పాలి, చీలమండ దగ్గర 8 అంకెలా తిప్పాలి. పైనుంచి కిందికి చుడితే వాపు వేళ్లలోకి దిగుతుంది. కట్టాక కాలి బొటనవేలి గోరు నొక్కి వదలండి. 2 సెకన్లలో రంగు తిరిగి రాకపోతే కట్టు బిగువైనట్టే, విప్పి వదులుగా కట్టండి. రాత్రి తీసేయండి. పడుకున్నప్పుడు పాదం గుండెకన్నా ఎత్తులో ఉండాలి, స్టూలు మీద పెట్టుకుని కూర్చుంటే ఆ ఎత్తు రాదు.

ప్రశ్న అడిగినవారు: ఎముకల మీద నొప్పి లేదండీ. మూడు వారాలు కాలు కదపకూడదంటున్నారు, నిజమేనా?

జవాబు 3: కాదండీ, అన్నాళ్లు కదపకపోతే కీలు బిగుసుకుపోతుంది. రెండు మూడు రోజులయ్యాక నొప్పి ఓర్చుకోగలిగినంత మేర పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి. నొప్పి తగ్గాక గోడ పట్టుకుని ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం అలవాటు చేయండి. బెణికిన కీలుకు పట్టు తప్పుతుంది, ఈ వ్యాయామం మానేసినవాళ్లకు అక్కడ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ. కమిలిన రంగు వేళ్లవైపు దిగినా కంగారుపడకండి, లోపలి రక్తం కిందికి జారుతుందంతే. అయిదారు రోజులకు కూడా బరువు మోపలేకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి.