అమ్మ బయాప్సీ రిపోర్టులో ‘కేఐ-67: 22%’ అని ఉంది, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగిలితే సూదితో ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. డాక్టరు గారిని కలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా (పాల నాళాల్లో మొదలై చుట్టూ చొచ్చుకుపోయే క్యాన్సర్ అట), గ్రేడ్ 2. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+. చివర్లో కేఐ-67: 22%.

ఈఆర్, పీఆర్ అంటే హార్మోన్లని అందుకునే గ్రాహకాలనీ, హెర్2 కణాల పెరుగుదలని పెంచే ప్రొటీన్ అనీ, కేఐ-67 కణ విభజనకి సంబంధించిన ప్రొటీన్ అనీ చదివాను. మరి 22% అంటే క్యాన్సర్ 22 శాతం పాకిందనా? నూటికి 22 అంటే తక్కువే కదా అంటాడు తమ్ముడు. తెలిసినావిడ ఒకరు 20 దాటితే కీమో తప్పదన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్, రాత్రి కన్ను మూతపడలేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (ఇదే దారిలో నడిచిన ఒక అన్న)

చెల్లీ, మూడేళ్ల క్రితం మా ఆవిడ రిపోర్టు పట్టుకుని నేనూ ఇలాగే కూర్చున్నాను. ఒక్క మాట చెప్తాను. రిపోర్టులో చివరి లైన్ ఒక్కటే పట్టుకుని వెతకడం మొదలుపెడితే భయం పెరుగుతుంది తప్ప ఏమీ తేలదు. అన్ని లైన్లూ కలిపి చదివితేనే దానికి అర్థం. వివరాలు తెలిసినవాళ్లు చెప్తారు, ఈలోపు అమ్మకి ఏ శాతాలూ చెప్పకండి.

జవాబు (పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను)

అమ్మా, ముందు మీ మొదటి అనుమానం తీర్చేస్తాను. ఒంట్లో క్యాన్సర్ ఎంత పాకిందో కేఐ-67 చెప్పదు. అది చెప్పేది స్టేజ్. గడ్డ సైజు, చంకలో గ్రంథులు, అవసరమైతే స్కాన్లు చూసి స్టేజ్ నిర్ణయిస్తారు. మీ రిపోర్టులోని 22% అంటే, తీసిన ఆ ముక్కలో నూరు క్యాన్సర్ కణాలు లెక్కపెడితే సుమారు 22 కణాల్లో ఈ ప్రొటీన్ కనిపించిందని. అవి విభజన బాటలో ఉన్న కణాలు. మిగతావి ఆ క్షణానికి ఆ పనిలో లేవు.

ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మైనంలో బిగించిన ముక్కని మూడు నాలుగు మైక్రాన్ల మందంలో పొరలుగా కోసి గాజు స్లైడు మీద పరుస్తాం. కేఐ-67 ఉన్నచోటే అతుక్కునే యాంటీబాడీ వేసి, అక్కడ గోధుమరంగు తేలేలా చేస్తాం. తర్వాత మిగిలిన కేంద్రకాలకి నీలం రంగు పట్టిస్తాం. మైక్రోస్కోప్ కింద నీలం చుక్కల మధ్య గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. కొన్ని ముదురుగా, కొన్ని లేతగా ఉంటాయి. రొమ్ము ముక్కల్లో రంగు లేతదైనా సరే లెక్కలోకి తీసుకోవాలి. మధ్యలో లింఫోసైట్లు, అంటే రక్షణ కణాలు కూడా గోధుమరంగులో మెరుస్తుంటాయి. అవి క్యాన్సర్ కణాలు కావు, వాటిని వదిలేయాలి. ఇలా కనీసం 500 కణాలు, వీలైతే 1000 లెక్కపెట్టమని నిపుణుల సూచన. ఒకే స్లైడుని ఇద్దరు అనుభవజ్ఞులు చూసినా ఒకరికి 18, ఇంకొకరికి 25 రావచ్చు. అందుకని ఈ 22ని థర్మామీటరు మీది అంకెలా చూడకండి.

ఇక ప్రొటీన్ సంగతి. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్డెస్ బృందం దీన్ని పట్టే యాంటీబాడీని తయారుచేసింది. కీల్ పేరులోని మొదటి రెండు అక్షరాలకి, 96 గుంటల పళ్లెంలో ఆ యాంటీబాడీ దొరికిన గుంట నంబరు 67 కలిపి ఆ పేరు పెట్టారు. మనం కే, ఐ అని విడదీసి చదువుతున్నాం గానీ అసలు అది ఊరి పేరే. విభజన పక్కన పెట్టి విశ్రాంతిలో ఉన్న కణంలో ఇది దాదాపుగా కనిపించదు. కణం మళ్లీ విభజన బాట పట్టినప్పట్నుంచి రెండుగా విడిపోయేదాకా ఉంటుంది. పైగా ఎక్కువసేపు నిలవదు, గంట గంటన్నరలో సగం కరిగిపోతుంది. అందుకే ‘ఇప్పుడు పనిలో ఉన్న కణాలెన్ని’ అని అడగడానికి ఇంత బాగా పనికొస్తోంది.

ఇది క్యాన్సర్ ప్రొటీన్ కాదని కూడా గుర్తుంచుకోండి. మీ ఒంట్లో, నా ఒంట్లో ఎముక మజ్జలో, పేగు లోపలి పొరలో, చర్మం అడుగు పొరలో రోజూ కణాలు విడిపోతూనే ఉంటాయి. అక్కడంతా కేఐ-67 ఉంటుంది. రంగు సరిగ్గా పడిందా లేదా చూసుకోవడానికి మేం పక్కన పెట్టుకునేది ఆరోగ్యంగా ఉన్న టాన్సిల్ ముక్కనే.

20 దాటితే కీమో అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. రొమ్ము క్యాన్సర్ నిపుణులు స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో కలిసినప్పుడు 2011లో 14 శాతాన్ని గీతగా పెట్టుకున్నారు. 2013లో చాలామంది 20 వైపు మొగ్గారు. గీత అలా జరుగుతూ వచ్చింది. తర్వాత కేఐ-67 మీదే పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం, ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ తొలిదశ గడ్డల్లో 5 లేదా అంతకన్నా తక్కువ వస్తే తక్కువ అనీ, 30 లేదా ఆ పైన వస్తే ఎక్కువ అనీ నమ్మొచ్చని చెప్పింది. మధ్యలో వచ్చే అంకె మీద ఒక్కదాని మీదే ఆధారపడి నిర్ణయం తీసుకోవద్దంది. మీ 22 సరిగ్గా ఆ మధ్యలో పడింది. మందుల విషయంలోనూ ఇదే జరిగింది. అబెమాసిక్లిబ్ అనే మందుని తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కి 2021లో అనుమతించినప్పుడు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కేఐ-67 20 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండాలని షరతు పెట్టింది. 2023లో ఆ షరతు తీసేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ రిపోర్టులో వెంటపడాల్సిన లైన్ కేఐ-67 కాదు, దానికి ముందున్నది. హెర్2 2+ అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. ఫిష్ అనే పరీక్ష చేసి హెర్2 జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితేనే తేలుతుంది. పాజిటివ్ అయితే చికిత్స దారే మారుతుంది, హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు ముందుకొస్తాయి. ఆ ముక్క ఉన్న మైనం దిమ్మ ల్యాబ్‌లోనే ఉంటుంది కాబట్టి మళ్లీ సూది గుచ్చే పని సాధారణంగా ఉండదు. ఈ నాలుగు రోజులూ ఊరికే కూర్చోకండి. రేపే డాక్టరు గారి ఆఫీసుకి ఫోన్ చేసి ఫిష్‌కి పంపారా లేదా అడగండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ. ఫోన్ చేశాను. ఇంకా పంపలేదట, ఈరోజే పంపిస్తామన్నారు. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు. ఫిష్ నెగటివ్ వస్తే డాక్టరు గారిని ఏం అడగాలో కూడా చెప్తారా?

జవాబు (పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను)

ముందు ఆపరేషనా, మందులా అని అడగండి. ఆపరేషన్ అయితే మొత్తం గడ్డ చేతికొస్తుంది. సూదితో తీసిన సన్నని ముక్క కన్నా దాన్లో నిజం ఎక్కువ తెలుస్తుంది. కీమో అవసరమా అన్న సందేహం అప్పటికీ మిగిలితే, 21 జన్యువులు చూసే ఆంకోటైప్ డీఎక్స్ లాంటి పరీక్ష అమ్మకి పనికొస్తుందా అని అడగండి. ఆ జన్యువుల్లో కేఐ-67ది కూడా ఒకటి, అయితే ఒంటరిగా కాదు, మిగతా వాటితో కలిపి చూస్తారు. వయసు, గ్రంథుల్లోకి వెళ్లిందా లేదా అన్నవి కూడా ఆ నిర్ణయంలో ఉంటాయి.

మరొకరి ప్రశ్న

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి క్లోమంలో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ. కేఐ-67 4% వచ్చింది. పైన అమ్మగారికి 22 కదా, అంటే మాది చాలా తేలికైనదని అనుకోవచ్చా?

జవాబు (పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను)

వేర్వేరు అవయవాల అంకెల్ని అలా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు బాబూ. ఈ రకం గడ్డల్లో కేఐ-67తోనే గ్రేడ్, అంటే గడ్డ ఎంత దూకుడుగా ఉందో చెప్పే మెట్టు వేస్తారు, కాబట్టి ఇక్కడ దాని బరువు రొమ్ములో కన్నా ఎక్కువ. 3 కన్నా తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. దాంతోపాటు మైక్రోస్కోప్‌లో నేరుగా కనిపించే విభజనల్ని కూడా లెక్కిస్తారు, రెండింట్లో ఏది ఎక్కువ గ్రేడ్ చూపిస్తే అదే గ్రేడ్. మీ 4 గ్రేడ్ 2లో కింది మెట్టు మీద ఉంది. లెక్కపెట్టే చోటు కూడా వేరు. ఇక్కడ గోధుమరంగు ఎక్కువగా గుమిగూడిన చోటు వెతికి అక్కడే లెక్కపెడతాం. రొమ్ములో స్లైడంతా కలిపి సగటు తీయమంటారు.

అంకె పెద్దదైతే ఆశ లేదనుకునేవాళ్లకి నేనెప్పుడూ బర్కిట్ లింఫోమా అనే రక్షణ కణాల క్యాన్సర్ గురించి చెప్తాను. అందులో కేఐ-67 దాదాపు 100 శాతం ఉంటుంది, గడ్డ చూస్తుండగానే పెరుగుతుంది. అయినా కీమోకి బాగా లొంగుతుంది, ఎంతోమందికి పూర్తిగా నయమవుతుంది. విభజనలో ఉన్న కణాలనే చాలా కీమో మందులు దెబ్బతీస్తాయి మరి.

జవాబు (ఇదే దారిలో నడిచిన ఒక అన్న)

నా అనుభవం ఒకటి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆవిడకి మొదటిసారి ముక్క తీసినప్పుడు దాన్ని వెంటనే ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో వేయలేదు. మధ్యాహ్నం తీసింది సాయంత్రం దాకా అలాగే ఉందట. రెండో ల్యాబ్‌లో ఆ స్లైడు చూసినవారు రంగు సరిగ్గా పట్టలేదు, ఈ అంకెని నమ్మలేం అన్నారు. మళ్లీ ముక్క తీయాల్సొచ్చింది. ఆవిడ పడ్డ నొప్పి నాకిప్పటికీ గుర్తే. బయాప్సీ రోజు పక్కనుండేవాళ్లు శాంపిల్ ఫార్మలిన్‌లో పడిందా, ల్యాబ్‌కి ఎప్పుడు వెళ్తుంది అని నోరు తెరిచి అడగండి.

జవాబు (పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను)

చాలా మంచి మాట చెప్పారు. ఆలస్యమైతే కేఐ-67 ఉన్నదానికన్నా తక్కువగా కనిపించొచ్చు. రొమ్ము ముక్కలు ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలుండాలి, 72 గంటలు దాటకూడదు. చాలా రిపోర్టుల్లో ఆ సమయం రాస్తారు, మీ దాంట్లో ఉందేమో చూసుకోండి.

మరొకరి ప్రశ్న

ఈ ప్రొటీన్ విభజనకి అవసరమే అయితే దీన్నే మందుతో ఆపేస్తే గడ్డ ఆగిపోదా?

జవాబు (కణ జీవశాస్త్రం చదివాను)

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ముప్పై ఏళ్లకు పైగా దీన్ని గుర్తుగా వాడారే గానీ, కణంలో ఇది చేసే పనేమిటో స్పష్టంగా తెలియలేదు. 2016లో వియన్నా పరిశోధకులు చూపించారు: కణం విడిపోయే వేళ ఈ ప్రొటీన్ ఒక కొసతో క్రోమోజోమ్‌ని పట్టుకుని, రెండో కొస బయటికి చాచి నిలబడుతుంది. కుంచెకి వెంట్రుకలు నిలబడ్డట్టు క్రోమోజోమ్ చుట్టూ వేలకొద్దీ ప్రొటీన్లు లేచి నిలుస్తాయి. దాంతో క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా కదులుతాయి. అది తీసేస్తే ముద్దకడతాయి.

అంత ముఖ్యమైనది లేకపోతే కణం చచ్చిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ అదే ఏడాది ఇంకో బృందం కేఐ-67 పనిచేయని ఎలుకల్ని పెంచితే అవి మామూలుగానే పుట్టి పెరిగాయి. అది లేకుండానూ కణాలు విడిపోగలవన్నమాట. కాబట్టి దీన్ని ఆపితే గడ్డ ఆగుతుందని అనలేం. ఈఆర్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌లో పనిచేస్తున్న మందులు వేరే చోట అడ్డుపడతాయి. విభజనకి పచ్చజెండా ఊపే సీడీకే4, సీడీకే6 అనే ఎంజైముల్ని పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ ఆపుతాయి. మందు పనిచేసి కణాలు విశ్రాంతిలోకి వెళ్తే కేఐ-67 కూడా పడిపోతుంది. ఆ మార్పుని కొలవడానికి మాత్రం ఇది ఎంతో ఉపయోగం.

ప్రశ్న అడిగినవారు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఫిష్ నెగటివ్ వచ్చింది. అమ్మకి ఆపరేషన్ అయింది, చంకలో తీసిన రెండు గ్రంథుల్లోనూ క్యాన్సర్ లేదు. పెద్ద గడ్డ మీద మళ్లీ చేస్తే గ్రేడ్ 2 అలాగే ఉంది, కేఐ-67 18% అని వచ్చింది. 22 నుంచి తగ్గిందని తమ్ముడు సంబరపడితే, అది తగ్గడం కాదురా, ముక్క వేరు, లెక్కపెట్టినవాళ్లు వేరు అని చెప్పాను. డాక్టరు గారు 21 జన్యువుల పరీక్షకి పంపారు. హార్మోను మాత్రలు ఎలాగూ ఉంటాయట, కీమో సంగతి ఆ ఫలితం చూసి చెప్తామన్నారు. అమ్మ నిన్న తనంతట తాను జడ వేసుకుంది. చెయ్యి పైదాకా లేచింది.