4294967297 ప్రధాన సంఖ్యా? చేతి లెక్కకీ ప్రోగ్రాంకీ పొత్తు కుదరడం లేదు

ప్రశ్న: ఈ సంఖ్య 2^32 + 1. ఆధారం 2తో ఫెర్మా పరీక్ష చేస్తే (అంటే 2ని ఈ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి, ఈ సంఖ్యతోనే భాగిస్తే) కాగితం మీద శేషం 1 వస్తోంది, అంటే ప్రధానం కావచ్చు. సీ ప్రోగ్రాంలో అదే లెక్కకి 0 వస్తోంది. అన్‌సైన్డ్ (ఋణ సంఖ్యలు లేని) 64 బిట్లే వాడాను. ఏది నమ్మాలండీ?

జవాబు: కాగితమే రైటండీ, కానీ ఆ 1ని చూసి ప్రధానం అనుకోకండి. 2ని ఐదుసార్లు వర్గం చేస్తే 2^32 వస్తుంది, దాని శేషం −1 (సంఖ్యకి ఒకటి తక్కువ కాబట్టి). ఆరోసారి 1. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా 1 దాటి కదలదు. 2^(2^k) + 1 రూపంలో ఉన్న ఏ సంఖ్యయినా ఆధారం 2కి ఇలాగే పాసైపోతుంది. ఇక్కడ ఆ పరీక్ష దండగ.

మీ 0 సంగతి: ఐదోసారి చేతిలో ఉన్నది 4294967296. దాని వర్గం సరిగ్గా 2^64, అన్‌సైన్డ్ 64 బిట్లలో పట్టేది 2^64 − 1 వరకే. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువై మొత్తం సున్నా అయింది. సైన్డ్ (ఋణ సంఖ్యలూ పట్టే) రకమైతే ఇంకా ముందే, 3037000499 దాటిన శేషాన్ని వర్గం చేయగానే తప్పుతుంది. గుణకారం 128 బిట్లలో చేసి, శేషం తీశాక 64కి దించండి.

తర్వాత ఆధారం 3 పెట్టండి. 3తో మొదలుపెట్టి 31 సార్లు వర్గం చేస్తూ ప్రతిసారీ శేషం తీస్తే, ప్రధానమైతే చివరికి 4294967296 రావాలి (పెపాన్ పరీక్ష). వచ్చేది 10324303. కనుక సంయుక్త సంఖ్యే. ఇంకోసారి వర్గం చేస్తే 3029026160 రావాలి. రాకపోతే మీ గుణకారం ఇంకా పొంగుతోందన్నమాట.

ప్రశ్న: సరేనండీ. మరి కారణాంకాలు? 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోవడమేనా?

మరొకరి జవాబు: అంత అక్కర్లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 128k + 1 రూపంలోనే ఉండాలి. 129, 257, 385, 513, 641... వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. 257తో శేషం 2. 641తో తెగిపోతుంది, భాగఫలం 6700417. 1732లో ఆయిలర్ పట్టుకున్నది దీన్నే.

భాగహారం లేకుండానూ చూడొచ్చు, నాకైతే ఇదే ముచ్చటగా ఉంటుంది. 641 = 5·2^7 + 1, అదే 641 = 5^4 + 2^4. మొదటిదాన్నిబట్టి 5·2^7 శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5^4·2^28 శేషం 1. రెండోదాన్నిబట్టి 5^4 స్థానంలో −2^4 వేయండి: −2^32 శేషం 1. అంటే 2^32 + 1ని 641 భాగించింది.

6700417 ప్రధానమేనా అన్నదీ తేల్చాలి కదా. దాని వర్గమూలం 2588 చిల్లర. దాని కారణాంకాలూ 128k + 1 రూపమే కాబట్టి చూడాల్సినవి 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ భాగించలేదు, ప్రధానమే.