కూలర్ గాలి వెనక గదికి చేరేదెలా?

మాది కడప. మిద్దె ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు. మే నెలలో స్లాబ్ కాగి, రాత్రి 11 అయినా గోడ మీద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. ముందు గది కిటికీకి కూలర్ బిగించినాం. అక్కడ చల్లగానే ఉంది గానీ మా అమ్మ పడుకునే వెనక గదిలో ఒకటే ఉక్కపోత. లోపలికొచ్చిన గాలి బయటికి పోకుంటే తేమ నిలిచిపోతుందని వంటింటి కిటికీ తెరిచి పెడుతున్నాం. గాలంతా అటే పోతోంది. అది మూసి, అమ్మ గది కిటికీ ఒక్కటే తెరిస్తే గాలి ఆ గది గుండా పోతుందా? లేక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాలా? అది పడమటి కిటికీ, సాయంత్రం వడగాలి కొడుతుంది. ఏసీ ఆమెకు పడదు, కీళ్లు పట్టేస్తాయి. ఇట్లాంటి ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.