ఏడు ఫ్లాట్ల పని, పద్నాలుగు మంది సిబ్బంది: వాట్సాప్ గ్రూపుల నుంచి బయటపడే దారి ఏది?

ప్రశ్న: కూకట్‌పల్లి సమన్వయకర్త

సభ్యులకు నమస్కారం. ఇళ్లకు ఇంటీరియర్ పనులు చేసే ఒక చిన్న సంస్థలో నేను పనుల సమన్వయం చూస్తున్నాను. డిజైనర్లు, సైట్ సూపర్‌వైజర్లు, కొనుగోళ్లు చూసేవారు, అకౌంటెంటు, యజమాని, అందరం కలిసి పద్నాలుగు మందిమి. కార్పెంటర్లు, ఫాల్స్ సీలింగ్ వారు, ఎలక్ట్రీషియన్లు కాంట్రాక్టు మీద వచ్చి పని చేసి వెళ్తారు. ప్రస్తుతం తెల్లాపూర్, నార్సింగి, కొంపల్లి ప్రాంతాల్లో ఏడు ఫ్లాట్ల పని ఒకేసారి నడుస్తోంది.

ఒక్కో ఫ్లాటుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కొలతలు, డ్రాయింగులు, లామినేట్ నంబర్లు, బిల్లుల ఫొటోలు, కస్టమరు చెప్పే మార్పులు, వాటి మధ్య పండుగ శుభాకాంక్షలు, అన్నీ అందులోనే వచ్చిపడతాయి. ఈమధ్య ఒక వంటగదిలో స్టవ్ స్థానం మారినందువల్ల డిజైనరు సవరించిన డ్రాయింగును గ్రూపులో పెట్టారు. వర్క్‌షాపులో కటింగ్ చేసే వ్యక్తి మాత్రం తన ఫోనులో ముందే డౌన్‌లోడ్ అయి ఉన్న పాత డ్రాయింగు ప్రకారం షట్టర్లు (క్యాబినెట్ తలుపులు) కోసేశారు. "గ్రూపులో పెట్టాను కదా" అని ఒకరు, "నాకు ఎవరూ చెప్పలేదు" అని మరొకరు అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

దీని తర్వాత మా యజమాని బంధువు ఒకరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జీరా అనే పనుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడమని సలహా ఇచ్చి, తానే దగ్గరుండి ఏర్పాటు చేసి వెళ్లారు. కొద్ది వారాలు గడిచేసరికి దానిలో వివరాలు నింపేది నేనొక్కదాన్నే అయ్యాను, మిగిలినవారంతా మళ్లీ వాట్సాప్‌కే చేరుకున్నారు. శ్రావణంలో మూడు గృహప్రవేశ ముహూర్తాలు ఉన్నాయి. మా పరిమాణంలోని బృందానికి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది? సైటులో ఉండేవారిచేత దాన్ని వాడించడం ఎలా? లేక ఒక గూగుల్ షీటుతో సరిపెట్టుకోవడమే మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గచ్చిబౌలి ప్రాజెక్ట్ మేనేజర్

సమన్వయకర్త గారికి, జీరా మంచి సాధనమే గాని అది మీ పని కోసం పుట్టినది కాదు. 2002లో అట్లాసియన్ సంస్థ దాన్ని సాఫ్ట్‌వేర్‌లో దోషాలను నమోదు చేసి వెంబడించడానికి తయారు చేసింది. అందుకే దానిలో ఇష్యూ, స్ప్రింట్, ఎపిక్ వంటి మాటలు, ప్రతి నమోదుకూ నింపవలసిన అనేక గడులు ఉంటాయి. మా ఆఫీసులో వాటి అవసరం ఉంది. నార్సింగిలో నిచ్చెన పక్కన నిలబడి, ఒక చేత్తో టేపు పట్టుకుని ఉన్న సూపర్‌వైజరుకు ఆ గడులు నింపే తీరిక ఉండదు.

మీకు కావలసింది ఒక్కో పనికి ఒక కార్డు, ఒక్కో దశకు ఒక నిలువు వరుస ఉన్న ఒక సాదా బోర్డు. పని సాగేకొద్దీ కార్డు పక్క వరుసలోకి వెళ్తుంది. దీని మూలం కూడా కర్మాగారమే: టొయోటాలో తైచీ ఓనో రూపొందించిన కాన్బాన్ పద్ధతిలో, తర్వాతి దశవారు అడిగినప్పుడే ముందు దశవారు సరుకు తయారుచేసేవారు, ఆ అడగడానికి గుర్తుగా ఒక కార్డు చేతులు మారేది. ట్రెల్లో, మైక్రోసాఫ్ట్ ప్లానర్, జోహో ప్రాజెక్ట్స్, అసానా, వీటన్నింటిలోనూ ఇలాంటి బోర్డు ఉంటుంది. ఏది ఎంచుకున్నా పెద్ద తేడా రాదు. వరుసలకు పేర్లు ఎలా పెడతారన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంటుంది. చాలామంది "చేయవలసినవి, చేస్తున్నవి, అయిపోయినవి" అని మూడు వరుసలు పెట్టి వదిలేస్తారు. మీ పనికి అది చాలదు. పని ఒక చేతినుంచి మరో చేతికి మారే చోటల్లా ఒక వరుస ఉండాలి: సైటు కొలతలు, డ్రాయింగు, కస్టమరు ఆమోదం, మెటీరియల్ కొనుగోలు, వర్క్‌షాపు, సైటులో బిగింపు, తనిఖీ. మీ షట్టర్ల వ్యవహారం సరిగ్గా అటువంటి చోటే, డ్రాయింగు నుంచి వర్క్‌షాపుకు చేతులు మారేటప్పుడే చెడింది.

కార్డు పరిమాణం గురించి ఒక మాట. "502 ఫ్లాటు వంటగది" అన్నది కార్డు కాదు, అది కొన్ని వారాల పాటు కదలకుండా ఒకేచోట కూర్చుంటుంది. "502 వంటగది, కింది క్యాబినెట్ల షట్టర్లు" అన్నది కార్డు. ప్రతి కార్డుకూ ఒక్కరే బాధ్యులు ఉండాలి. ఇద్దరి పేర్లు పెట్టిన కార్డుకు ఎవరూ బాధ్యులు కారని మా రంగంలో అందరికీ తెలుసు, అయినా అందరూ పెడుతూనే ఉంటారు. అలాగే వర్క్‌షాపు వరుసలో ఒకేసారి ఎన్ని కార్డులు ఉండవచ్చో ఒక పరిమితి రాసిపెట్టండి. ఏడు ఫ్లాట్ల షట్టర్లూ ఒకేసారి మొదలుపెడితే శ్రావణం నాటికి ఏడూ సగంలోనే ఉంటాయి. ముహూర్తాలున్న మూడింటిని ముందు దాటించాలి. తేదీలను ముహూర్తం నుంచి వెనక్కి లెక్కించి ప్రతి కార్డు మీద వేయండి. మా ప్రాజెక్టుల గడువులు వెనక్కి జరుగుతూ ఉంటాయి గాని మీ ముహూర్తం కదలదు కాబట్టి, ఒక విధంగా మీ లెక్కే మాకన్నా సులభం.

ఖర్చు విషయానికి వస్తే, ట్రెల్లో ఉచిత ప్లానులో ఒక వర్క్‌స్పేసుకు (ఒక బృందం బోర్డులన్నీ ఉండే చోటుకు) పది మంది సభ్యులు, పది బోర్డులు అన్న హద్దు ఉంది. మీరు పద్నాలుగు మంది. అకౌంటెంటుకు, వర్క్‌షాపులో అందరికీ విడివిడిగా ఖాతాలు అవసరమా అని ముందు ఆలోచించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టే ప్లాను వైపు చూడండి.

జవాబు: ఎల్బీనగర్ సివిల్ కాంట్రాక్టరు

పైన రాసిన సార్ చెప్పినది ఆఫీసులో కూర్చుని పనిచేసేవారికి బాగానే ఉంటుంది. నేను సైటు వైపు నుంచి మాట్లాడతాను. మన కార్పెంటర్లలో ఎక్కువమంది రాజస్థాన్, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు. వాళ్లు హిందీ మాట్లాడతారు, ఫోనులో వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే తప్ప మరొకటి తెరవరు. ఈ కాంట్రాక్టు అయిపోగానే వేరే సైటుకు వెళ్లిపోయే మనిషికి కొత్త యాప్, కొత్త పాస్‌వర్డు నేర్పించడం వృథా ప్రయాస. పైగా పెద్ద టవర్ల బేస్‌మెంటులో, పూర్తికాని బ్లాకుల్లో సిగ్నలే సరిగా అందదు.

మీ అసలు సమస్య డ్రాయింగు. దానికి బోర్డు కూడా అవసరం లేదు. గూగుల్ డ్రైవ్‌లో వంటగది డ్రాయింగు పీడీఎఫ్ ఒక్కటే పెట్టండి. మార్పు వచ్చినప్పుడు కొత్త ఫైలు చేర్చకుండా, అదే ఫైలు మీద "మేనేజ్ వెర్షన్స్" అన్న చోటికి వెళ్లి సవరించినదాన్ని ఎక్కించండి. ఇలా చేస్తే లింకు మారదు, ఆ లింకు తెరిచినవారికి ఎప్పుడూ తాజా డ్రాయింగే కనిపిస్తుంది. పాతవి 30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకు ఉండి తర్వాత తొలగిపోవచ్చు గనుక, కస్టమరు ఆమోదించిన ప్రతిదానికీ "కీప్ ఫరెవర్" పెట్టుకోండి, బిల్లు దగ్గర మాట తేడా వచ్చినప్పుడు పనికొస్తుంది. ఆ లింకుకు క్యూఆర్ కోడ్ ముద్రించి, ఒకటి ఫ్లాటు గోడకు, ఒకటి వర్క్‌షాపులో కటింగ్ యంత్రం దగ్గర అంటించండి. క్యూఆర్ స్కాన్ చేయడం ఈ ఊళ్లో చాయ్ బండి దగ్గర కూడా అందరికీ అలవాటే, ఎవరికీ శిక్షణ ఇవ్వనక్కరలేదు. కోసే ముందు స్కాన్ చేసి, డ్రాయింగు మూలన ఉన్న రివిజన్ నంబరును చెక్క మీద పెన్సిలుతో రాయాలన్నది ఒక్కటే నియమం. సూపర్‌వైజరు వచ్చినప్పుడు ఆ నంబరు చూస్తే చాలు. మా దగ్గర గ్రూపుల్లో డ్రాయింగు పీడీఎఫ్ పెట్టడం పూర్తిగా మాన్పించాం, లింకు మాత్రమే పెడతాం.

మిగతా పనికి షీటు చాలు. గదికి ఒక వరుస, దశకు ఒక గడి, గడిలో ఎంచుకోవడానికి జాబితా (డ్రాప్‌డౌన్). అందరూ కలిసి వాడేటప్పుడు మామూలు ఫిల్టరు వేస్తే మిగతావారికి కూడా వరుసలు మాయమవుతాయి, కాబట్టి ఎవరి వడపోత వారికే కనిపించే "ఫిల్టర్ వ్యూ" వాడమని మీ వాళ్లకు చెప్పండి. ధరలు, ముహూర్తం తేదీలు ఉన్న గడులను నలుగురూ మార్చకుండా ప్రొటెక్ట్ చేయండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గడి మీద కుడి క్లిక్కు చేసి ఎడిట్ హిస్టరీలో చూసుకోవచ్చు.

జవాబు: సికింద్రాబాద్ ఆపరేషన్స్ ఉద్యోగిని

పై ఇద్దరు పెద్దలూ చెప్పిన సంగతులు ఉపయోగకరమైనవే. ఆఫీసులోని పద్నాలుగు మందికి బోర్డు, సైటులో ఉన్నవారికి క్యూఆర్ అని రెండింటినీ కలుపుకోవచ్చు. కానీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "మిగిలినవారంతా మళ్లీ వాట్సాప్‌కే చేరుకున్నారు" అన్నారు. మీ యజమాని ఎక్కడ అడుగుతున్నారు? ఆయన ఉదయాన్నే "కొంపల్లి సీలింగ్ ఎంతవరకు వచ్చింది?" అని వాట్సాప్‌లో అడిగితే జవాబు అక్కడే వస్తుంది. జవాబు ఒకసారి అక్కడ ఇచ్చినవారు అదే సంగతిని మళ్లీ బోర్డులో ఎందుకు రాస్తారు? అది వారికి రెండో చాకిరీ. నేను చూసిన రెండు మూడు కార్యాలయాల్లో ఇటువంటి సాఫ్ట్‌వేర్ మూలపడడానికి కారణం సిబ్బంది బద్ధకం కాదు, పైవారు దానిలోకి తొంగిచూడకపోవడమే.

అందువల్ల సాఫ్ట్‌వేర్ పేరు తేల్చడానికి ముందే మీ యజమానితో ఒక ఒప్పందానికి రండి. నిర్ణయం ఏదైనా కార్డు మీద రాసిన తర్వాతే నిర్ణయం అవుతుంది. వాట్సాప్‌లోనో ఫోనులోనో అనుకున్నది కార్డులోకి ఎక్కేవరకు ఎవరూ దానిమీద పని మొదలుపెట్టరు, దానికి డబ్బు ఖర్చు చేయరు. వాట్సాప్‌ను మూసేయనక్కరలేదు, "502 కార్డు చూడండి" అని పిలవడానికి గంటలా వాడుకోవచ్చు. యజమాని గ్రూపులో అడిగినప్పుడు కార్డు లింకునే జవాబుగా పంపండి. మొదట్లో ఆయనకు కాస్త చిరాకు కలగవచ్చు, దాన్ని భరించే బాధ్యత మాత్రం మీదే. పద్నాలుగు మంది ఒకరితో ఒకరు విడివిడిగా మాట్లాడుకుంటే 91 జతలవుతాయి. ఏ జత మధ్య ఏ మార్పు కుదిరిందో గుర్తుపెట్టుకోవడం మీ ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

మరో విషయం, ఎవరూ ముందుగా పట్టించుకోనిది: ఖాతాలు ఎవరి పేరున ఉన్నాయి? డిజైనరు సొంత జీమెయిల్‌తో డ్రైవ్ ఫోల్డరు తెరిస్తే ఆ ఫైళ్లకు యజమాని ఆ డిజైనరే. రేపు వారు ఉద్యోగం మానేసి ఖాతా మూసేస్తే గోడకు అంటించిన మీ క్యూఆర్ కూడా పనిచేయదు. గూగుల్ వర్క్‌స్పేస్ షేర్డ్ డ్రైవ్‌లో పెట్టిన ఫైళ్లు మనుషులు మారినా సంస్థకే చెందుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే, కనీసం సంస్థ పేరున ఒక ఖాతా తెరిచి, ఫైళ్లన్నీ దానితోనే ఎక్కించండి. బోర్డుకు కూడా ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. వాట్సాప్ బదులు స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్‌ను ఉచితంగా వాడదామని ఎవరైనా సూచిస్తే ఒకటి గుర్తుంచుకోండి: ఉచిత ప్లానులో 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు, ఏడాది దాటినవి తొలగిపోతాయి. ఒక ఫ్లాటు పని 90 రోజులకన్నా ఎక్కువ కాలం సాగినప్పుడు మొదట అనుకున్న మాటలు మీకు దొరకవు.

కూకట్‌పల్లి సమన్వయకర్త

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా యజమాని గురించి అడిగిన ప్రశ్న సూటిగా తగిలింది, ఆయన ఇంతవరకు జీరా బోర్డును ఒక్కసారి కూడా తెరవలేదు. ఈ జవాబులను ఆయనకు చదివి వినిపించాను. శ్రావణంలో ముహూర్తం ఉన్న తెల్లాపూర్ ఫ్లాటు ఒక్కదానికి ముందుగా బోర్డు, క్యూఆర్ మొదలుపెడదామని, ఉదయం ఆయన కూడా బోర్డు చూసే అడుగుతానని ఒప్పుకున్నారు. మిగిలిన ఆరు ఫ్లాట్లు ప్రస్తుతానికి పాత పద్ధతిలోనే సాగుతాయి.

ఇంకొక సందేహం. మార్పుల్లో చాలావరకు కస్టమరు నుంచే వస్తాయి. భర్త ఒకటి చెబుతారు, సాయంత్రం భార్య ఫోను చేసి మరొకటి చెబుతారు, ఊరి నుంచి వచ్చిన అత్తగారు పూజగది దిక్కు మార్చమంటారు. కస్టమర్లను కూడా బోర్డులో చేర్చవచ్చా?

గచ్చిబౌలి ప్రాజెక్ట్ మేనేజర్

పనులు నడిచే బోర్డులో చేర్చవద్దు. సరుకు ధరలు, మేస్త్రీ గురించి రాసుకున్న మాటలు, మరో ఇంటి చిరునామా, ఇవన్నీ వారి కంట పడతాయి. ఇతర కస్టమర్ల ఫోను నంబర్లు, చిరునామాలు అలా బయటపడడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్ట్యా కూడా సరికాదు. కస్టమరుకు విడిగా, చూడడానికి మాత్రమే వీలున్న ఒక షీటు ఇవ్వండి. అందులో వారి ఫ్లాటు దశలు, వారు అడిగిన మార్పులు, ఒక్కో మార్పు వల్ల పెరిగే ఖర్చు, వెనక్కి జరిగే రోజులు కనిపిస్తే చాలు.

మార్పు ఎవరు చెప్పినా వినండి, కార్డు రాయండి. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టిన ఒక్క వ్యక్తి నుంచి ఈమెయిలులోనో వాట్సాప్‌లోనో "సరే" అని రాతపూర్వకంగా వచ్చేవరకు ఆ కార్డును "కస్టమరు ఆమోదం" వరుస దాటించకండి. ఆ సందేశం స్క్రీన్‌షాట్‌ను అదే కార్డుకు జతచేయండి. ఖర్చు, రోజులు పక్కనే కనిపిస్తున్నప్పుడు అడిగే మార్పులు కొంత తగ్గుతాయి కూడా.

ఎల్బీనగర్ సివిల్ కాంట్రాక్టరు

పూజగది దిక్కు మాత్రం తగ్గదు సార్. ఆ కార్డును మొదటిరోజే రాసి, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, వారిచేతనే సరే అనిపించుకున్నాక ప్లైవుడ్‌కు ఆర్డరివ్వండి.