పాడినావిడే వద్దనుకున్న ఆల్బమ్‌ని మనం వెనకేసుకురావచ్చా? (సిండీ లాపర్, 1989)

పాతక్యాసెట్:
అమెరికన్ పాప్ గాయని సిండీ లాపర్ పేరు ఎత్తితే మనలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. 1983 నాటి మొదటి ఆల్బమ్ ‘షీజ్ సో అన్‌యూజువల్’ ఒకటి, 1986లో వచ్చిన ‘ట్రూ కలర్స్’ పాట ఒకటి. ఆ తర్వాత 1989 మేలో వచ్చిన మూడో ఆల్బమ్ ‘ఎ నైట్ టు రిమెంబర్’ ఊసు ఎవరూ ఎత్తరు. మొదటి ఆల్బమ్‌లోంచి నాలుగు పాటలు అమెరికాలో టాప్ 5కి వెళ్లాయి. ఈ మూడోది ఆల్బమ్‌ల చార్టులో 37వ స్థానం దగ్గరే ఆగిపోయింది. సిండీ కూడా తర్వాతి రోజుల్లో దీన్ని ‘ఎ నైట్ టు ఫర్గెట్’ అని కొట్టిపారేసింది. మర్చిపోవాల్సిన రాత్రి అన్నమాట.

నేను ఒప్పుకోను. మా అన్నయ్య హైదరాబాదు నుంచి తెచ్చిన క్యాసెట్టు మా ఇంట్లో టేపు సాగిపోయేదాకా తిరిగింది. అప్పుడు నాకు ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. పోయిన వారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ విన్నాను. ‘మై ఫస్ట్ నైట్ వితౌట్ యూ’ దగ్గర ఆగిపోయాను. విడిపోయాక మొదటి రాత్రి ఒంటరిగా గడపడం గురించిన పాట అది. మామూలుగా ఇలాంటి పాటలో గొంతు ఏడుస్తుంది. సిండీ ఏడవదు. ఏడుపు రాకుండా పట్టుకున్న మనిషి ఎలా మాట్లాడుతుందో అలా మొదలుపెట్టి, పల్లవికొచ్చేసరికి ఆ పట్టు వదిలేస్తుంది. మేనేజరూ ప్రియుడూ అయిన డేవిడ్ వుల్ఫ్‌తో ఆమె బంధం తెగిపోయింది కూడా ఆ రోజుల్లోనే. పాట రాసినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఇంత నిజంగా పాడిన పాట చార్టులో 62 దగ్గర ఆగింది కాబట్టి ఆల్బమ్ మొత్తం చెత్త అని ఎలా అంటాం?

తూనికరాయి:
పాతక్యాసెట్ గారూ, మీ క్యాసెట్టు మీద మీకున్న ప్రేమ అర్థమైంది. కానీ ఆ ప్రేమ వేరు, ఆల్బమ్ విలువ వేరు.

1989 నాటికి బిల్లీ స్టైన్‌బర్గ్, టామ్ కెల్లీ జంట పాటల ఫ్యాక్టరీ లాంటిది. మడోనాకి ‘లైక్ ఎ వర్జిన్’, హార్ట్ అనే బ్యాండ్‌కి ‘అలోన్’, విట్నీ హ్యూస్టన్‌కి ‘సో ఎమోషనల్’ ఇచ్చింది వాళ్లే. ఈ ఆల్బమ్‌లో సగం దాకా వాళ్ల చెయ్యి ఉంది. పైగా డయాన్ వారెన్ పాటలు. చేతికందిన హిట్ రైటర్లందరినీ కూర్చోబెట్టి చేయించిన ఆల్బమ్ ఇది. మొదటి ఆల్బమ్ వింటే వీధిలో ఎదురైన వింత మనిషి కనబడుతుంది. ఇది వింటే రేడియో కోసం జుట్టు దువ్వి నిలబెట్టిన మనిషి కనబడుతుంది. డ్రమ్స్ శబ్దమైతే నాకు మరీ భరించరానిది, ఖాళీ గోడౌన్‌లో డ్రమ్ము కొట్టినట్టు. ఆ కాలంలో అందరూ అలాగే చేశారు, నిజమే. అందరూ చేశారని నా చెవికి హాయిగా ఉండదు కదా.

సిండీ ఊరికే కోపంతో అలా అనలేదు. ‘కిండ్రెడ్ స్పిరిట్’ అనే పేరుతో 1988లోనే రావాల్సిన ఆల్బమ్ ఇది. వాయిదా పడింది, పేరు మారింది, రూపం మారింది. ఇంట్లో ఉన్నావిడకి తెలియదా ఏ గోడ ఎక్కడ పగిలిందో?

మెరీనాగాలి:
తూనికరాయి గారు, ‘వేరేవాళ్లు రాసిన పాటలు’ అన్న లెక్క మొదటి ఆల్బమ్‌కి కూడా వెయ్యండి. ‘గర్ల్స్ జస్ట్ వాన్నా హ్యావ్ ఫన్’ రాసింది రాబర్ట్ హజార్డ్. ‘ఆల్ త్రూ ది నైట్’ జూల్స్ షియర్‌ది. ‘మనీ ఛేంజెస్ ఎవ్రీథింగ్’ టామ్ గ్రేది. ‘వెన్ యూ వర్ మైన్’ ప్రిన్స్ పాట. అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది?

తూనికరాయి:
మంచి ప్రశ్న. నా జవాబు ఇదీ. ‘గర్ల్స్’ పాట మగవాడి వైపు నుంచి రాసింది. సిండీ చేతిలో పడ్డాక అది ఆడపిల్లల పాట అయిపోయింది. మొదటి ఆల్బమ్‌లో ఆమె అద్దెకు తెచ్చుకున్న ప్రతి ఇంటినీ సొంత ఇల్లు చేసుకుంది. 1989లో ఆ ఇళ్లు అప్పటికే సున్నం వేసి, సామాను సర్ది పెట్టి ఉన్నాయి. ఆమె వచ్చి కూర్చుంది, అంతే.

బేస్‌గిటార్:
ఇప్పటిదాకా ఎవరూ ‘ఐ డ్రోవ్ ఆల్ నైట్’ గురించి మాట్లాడలేదేమిటి? ఈ ఆల్బమ్‌లో నిలబడే మొదటి పాట అదేగా. అమెరికాలో 6వ స్థానం దాకా వెళ్లింది. గ్రామీలో ఉత్తమ రాక్ గాయని విభాగానికి నామినేట్ అయింది కూడా.

ఈ పాటని ముందు పాడింది రాయ్ ఆర్బిసన్, 1987లో. కానీ అది బయటికి రాకుండానే 1988 డిసెంబరులో ఆయన పోయారు. ఆయన పాడినది 1992లో గానీ విడుదల కాలేదు. అంటే మధ్యలో సిండీ పాడింది జనానికి ముందు చేరింది. బ్రిటన్‌లో ఇద్దరి పాటా సరిగ్గా 7వ స్థానం దగ్గరే ఆగాయి.

రెండూ పక్కపక్కన పెట్టి వినండి. రాయ్ పాడితే తట్టుకోలేని ప్రేమతో రాత్రంతా కారు నడిపి వచ్చిన మగవాడి పాట. అలాంటి పాటలు వంద ఉన్నాయి. అదే మాటలు సిండీ పాడితే స్టీరింగ్ ఆడమనిషి చేతిలో ఉంది. కోరిక ఆమెది, దారి ఆమెది, అర్ధరాత్రి గదిలోకి వచ్చి ‘ఫర్వాలేదు కదా’ అని అడిగేది ఆమే. 1989లో రేడియోలో అలాంటి ఆడమనిషి ఎంతమంది ఉన్నారు? తూనికరాయి గారు చెప్పిన ‘అద్దె ఇంటిని సొంతం చేసుకోవడం’ అంటే ఇదే కదండీ. ఒక్క మాట మార్చకుండా చేసింది.

తూనికరాయి:
ఆ పాట ఇచ్చేశాను. నా అభ్యంతరం తక్కిన వాటి మీద.

పాతక్యాసెట్:
తక్కిన వాటి సంగతికే వస్తాను. ఈ ఆల్బమ్‌ని మనం పాటలుగా కాదు, గొంతుగా వినాలి. ఇరవైల్లో ఆమె గొంతు దెబ్బతిని, ఇక పాడలేవని డాక్టర్లు చెప్పారు. శిక్షణతో తిరిగి తెచ్చుకుంది. మొదటి ఆల్బమ్ వచ్చేసరికే ముప్పై ఏళ్లు. అంటే ఈ మూడోది పాడేనాటికి 35 దాటాయి. పాప్‌లో ఆడవాళ్లని ఆ వయసుకి ఇంటికి పంపేస్తారు. ఆమెని జనం ఇంకా రంగుల జుట్టు చిన్నపిల్లగానే చూడాలనుకున్నారు.

మనకి జానకి గారు ఉన్నారు. చిన్నపిల్ల గొంతుతో పాడగలరు, ముసలమ్మ గొంతుతోనూ పాడగలరు. చిన్నపిల్ల గొంతు బాగా చేశారని జానకి గారిని జీవితాంతం అవే పాడమన్నామా? సిండీ విషయంలో అమెరికా సరిగ్గా అదే అడిగింది. ఈ ఆల్బమ్‌లో ఆమె ఆ ముద్దుమాటల గొంతుని చాలా వరకు పక్కన పెట్టింది. ‘అన్‌కండిషనల్ లవ్’లో ఎక్కడా అరుపు లేదు, వింత లేదు. పెద్దమనిషి పాడినట్టుంది. ఆ పాటలో సత్తా ఉంది కాబట్టే బ్యాంగిల్స్ బ్యాండ్ గాయని సుసానా హాఫ్స్ 1991లో తన సోలో ఆల్బమ్‌కి మళ్లీ పాడుకుంది.

మెరీనాగాలి:
ఇంకో సంగతి. ‘మై ఫస్ట్ నైట్ వితౌట్ యూ’ వీడియో వినికిడి లేనివాళ్ల కోసం క్యాప్షన్లు వేసిన తొలి మ్యూజిక్ వీడియోల్లో ఒకటి. మా చిన్నమ్మకి వినబడదు. పాట ఎలా ఉందని అడిగితే పెదాలు చూసి ఊహించేది. అందుకే ఈ విషయం తెలిసినప్పుడు నాకు ఈ ఆల్బమ్ మీద గౌరవం పెరిగింది. ఇది సంగీతం మీద వాదన కాదని తెలుసు. అయినా చెప్పాలనిపించింది.

తూనికరాయి:
చెప్పినందుకు థ్యాంక్స్ అండీ. నాకు తెలియదు.

కానీ పాతక్యాసెట్ గారూ, మొదటి ప్రశ్న అలాగే ఉంది. పాడినావిడ వద్దంది. ఆమె మాటకి విలువ లేదా? ఈ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్లలో ఆమె ఒకరు. పైనుంచి ఎవరో రుద్దారని కూడా పూర్తిగా అనలేం.

పాతక్యాసెట్:
విలువ ఉంది. ఆమె గుర్తు చేసుకునేది పాటలని కాదు, ఆ రోజులని. తెగిన బంధం, 1988లో తను నటించిన ‘వైబ్స్’ సినిమా ఆడకపోవడం, ఆల్బమ్ వాయిదాలు, స్టూడియోలో టెన్షన్. ఆల్బమ్ పేరు వినగానే ఆమెకి అవన్నీ వచ్చి మీద పడతాయి. అందుకు ఆమెని తప్పు పట్టను. కానీ ఆ భారం నా క్యాసెట్టులో లేదు. నాకు వినబడింది గొంతు ఒక్కటే. ఆమెకి బాధ కలిగించిన చోటు నాకు ఓదార్పు ఇచ్చింది. రెండూ నిజమే అయినప్పుడు ఒకదాన్ని అబద్ధం అనక్కర్లేదు.

మా అన్నయ్య ఇప్పుడు లేడు. ఆయన ఆ క్యాసెట్టు తెచ్చిన రోజు ‘హెడింగ్ వెస్ట్’ రెండుసార్లు వెనక్కి తిప్పి పెట్టాడు. మీరు మొత్తం ఆల్బమ్ వినక్కర్లేదు. అది ఒక్కటి వినండి.

బేస్‌గిటార్:
నేను ఈ వాదనలో పాతక్యాసెట్ గారి వైపే గానీ, ‘డాన్సింగ్ విత్ ఎ స్ట్రేంజర్’ని మాత్రం వెనకేసుకురాలేను. అది, ‘ఇన్‌సెక్యూరియస్’ తీసేసి పది పాటలతో తెస్తే ఈ చర్చే ఉండేది కాదు. ఎరిక్ క్లాప్టన్ గిటార్ వాయించినా ‘ఇన్‌సెక్యూరియస్’ నన్ను పట్టుకోలేదు.

తూనికరాయి:
నిన్న రాత్రి ‘హెడింగ్ వెస్ట్’ విన్నాను. ఒకసారి విని ఇక్కడ జవాబు రాద్దామనుకున్నాను, మూడుసార్లు విన్నాను. తక్కిన పాటలంత రొద లేదు. ఆమె ఎక్కడికో వెళ్లిపోతున్నట్టుంది, మనల్ని ఒప్పించాలన్న తొందర లేదు. డ్రమ్స్ గురించి నా మాట వెనక్కి తీసుకోను. సగం ఆల్బమ్ రేడియో కోసం చేసిందేనని ఇప్పటికీ అంటాను. ఈ పాట మాత్రం మీ అన్నయ్య గారు రెండోసారి ఎందుకు వెనక్కి తిప్పారో నాకు తెలిసింది.